పీక్ డిస్ట్రిక్ట్‌లో మూడు రాత్రులు: అద్దె మోటర్‌హోమ్, పక్కన ఆర్టీసీ నాన్న

ముందే చెప్పేస్తాను. బండికి ఐదుకి మూడు మార్కులు, బండి పెట్టుకున్న పొలానికి ఐదుకి ఐదు. బండి అద్దెకిచ్చిన కంపెనీ పేరు రాయను. డబ్బుల గొడవ ఒక కొలిక్కి వచ్చింది, మళ్లీ కెలకడం ఎందుకని. పొలం పేరు కూడా రాయను, అది మాత్రం పచ్చి స్వార్థం. వచ్చే మేలో నాకు చోటు దొరకాలి.

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. మే ఆఖరి సోమవారం ఇక్కడ బ్యాంక్ హాలిడే, అంటే అందరికీ సెలవు. తెనాలి నుంచి నాన్న వచ్చి అప్పటికి ఆరు వారాలైంది. లండన్ అయిపోయింది, గుడులు అయిపోయాయి, మనవాళ్ల కొట్లుండే బెల్‌గ్రేవ్ రోడ్డు మీద తిరగడం అయిపోయింది. "ఇక ఊళ్లు చాలు అమ్మాయ్, ఈ దేశంలో పొలాలెలా ఉంటాయో చూపించు" అన్నారు. హోటల్ అంటే ఐదుగురికి రెండు గదులు, పైగా నాన్నకి మూడు పూటలు బయట తింటే పడదు. వెతికి వెతికి మోటర్‌హోమ్ దగ్గర తేలాం. శుక్రవారం మధ్యాహ్నం తీసుకుని సోమవారం సాయంత్రానికి ఇచ్చేయాలి. అద్దె 495 పౌండ్లు, డిపాజిట్ 1,000.

నాన్న సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ సగం అర్థం కాదు. ఆయన ఆర్టీసీలో 34 ఏళ్లు డ్రైవరు. 1979లో చేరి 2013లో రిటైరయ్యారు. మాచర్ల రూటు, శ్రీశైలం రూటు, అన్నీ తిరిగారు. ఏ బండి ఎక్కినా ముందు టైర్లు చూస్తారు, దిగాక కేఎంపీఎల్ అడుగుతారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందన్నమాట. డిపోలో దానికే బహుమతులూ, దానికే చీవాట్లూ.

ఇక్కడ కారవాన్ అంటే ఇంజన్ లేని ఇల్లు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లాలి. ఇంజనూ ఇల్లూ ఒకటే అయితే మోటర్‌హోమ్. చక్రాలుండి కూడా పార్కులో పాతుకుపోయినవి స్టాటిక్‌లు. 1997 నుంచి కారు లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు బరువైన కారవాన్ లాగాలంటే విడిగా ఇంకో టెస్టు పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబర్‌లో ఆ టెస్టు తీసేశారు, ఇప్పుడు 3,500 కిలోల ట్రైలర్ దాకా లాగొచ్చు. చట్టం ఒప్పుకుంది సరే, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో రివర్స్ చేయడానికే చెమటలు పట్టే మా ఆయన ఒప్పుకోలేదు. మామూలు కారు లైసెన్సు మీద 3,500 కిలోల లోపు మోటర్‌హోమ్ నడపొచ్చు కాబట్టి అదే తీసుకున్నాం.

బుక్ చేసేటప్పుడు ఒక చోట బోల్తా పడబోయాం. ఆరుగురు పడుకోవచ్చు అని రాసి ఉంటే ఆరుగురు ప్రయాణం చేయొచ్చని కాదు. పడకలు వేరు, సీటు బెల్టులు వేరు. మేం మొదట చూసిన బండిలో పడకలు ఆరు, బెల్టులు నాలుగే. ఐదోవాళ్లు రైల్లో రావాలి కాబోలు. బెల్టులు లెక్కపెట్టి బుక్ చేసుకోండి.

బండి అప్పగించిన కుర్రాడు మంచివాడే కానీ హడావిడి మనిషి. ఇరవై నిమిషాల్లో ముప్పై స్విచ్చులు చూపించాడు. నేను ఫోన్లో వీడియో తీశాను, ఆ వీడియో లేకపోతే హీటర్ ఎలా వేయాలో ఈరోజుకీ తెలిసేది కాదు. నాన్న అతని మాట వినకుండా బండి చుట్టూ తిరిగొచ్చారు. ప్రతి టైరునీ మడమతో ఒక్కటి తన్నారు. తర్వాత వంగి టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదివారు. 1421 అని ఉంది. 2021లో 14వ వారంలో తయారైందని. "అరగలేదు, ముసలిదీ కాలేదు, పర్లేదు" అన్నారు. ఏడాదిలో సగం రోజులు నిలబడి ఉండే ఇలాంటి బండ్లకి టైరు అరగడం కంటే వయసు మీద పడటమే ప్రమాదం. స్టెప్నీ ఎక్కడ అని అడిగారు. స్టెప్నీ లేదు, పంక్చర్‌కి రబ్బరు పాలు కొట్టే డబ్బా ఒకటి ఉంది. నాన్న ఆ డబ్బా వైపు చూసిన చూపు నేను రాయలేను.

ఆయన అడిగిన రెండో ప్రశ్న, "ఎత్తు ఎంత?" కుర్రాడు కాగితాలు తిరగేసి 2.9 మీటర్లు అన్నాడు. డ్రైవరు కళ్ల ముందు అంటించి ఉండాల్సిన అంకె అది. మా మనవడి చేత చీటీ మీద పెద్దగా రాయించి అద్దానికి అంటించారు నాన్న. (మనవడు ఆయనకి, నాకు కొడుకు. ఆయన మాటలు రాసీ రాసీ నాకూ అదే అలవాటైంది.) ఆ చీటీ మమ్మల్ని ఒకసారి కాపాడింది కూడా. దారిలో ఓ షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి మా ఆయన అలవాటుగా తిప్పబోయారు. పైన అడ్డంగా ఇనప కడ్డీ, 2.1 మీటర్లు. "అల్లుడు గారూ, ఆపండి!" అన్న కేకకి పక్క కారువాళ్లు కూడా ఆగారు.

మూడోది బరువు. మొత్తం 3,500 కిలోలు దాటకూడదు, అందులో బండి తన బరువు పోగా మాకు మిగిలింది నాలుగు వందల కిలోల లోపే. ఐదుగురు మనుషులు, సామాను, పిల్లల సైకిళ్లు. నీళ్ల ట్యాంకు 100 లీటర్లు నింపితే అదే 100 కిలోలు. అందుకని నీళ్లు పొలానికి వెళ్లాక నింపుకోమన్నారు. నేను పెట్టిన 10 కిలోల బియ్యం సంచీ దించేసి మూడు కిలోల డబ్బా పెట్టారు మా ఆయన. దానిమీద కొంచెం మాటా మాటా అయింది. ఓవర్‌లోడ్ విషయంలో నాన్న అల్లుడి పక్షం.

ఎమ్‌1 మోటర్‌వే మీద జంక్షన్ 29 దాకా వెళ్లి, చెస్టర్‌ఫీల్డ్, బాస్లో, కాల్వర్, హాథర్‌సేజ్ మీదుగా పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఉన్న హోప్ అనే ఊరికి. దాదాపు 70 మైళ్లు, శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ కాబట్టి మూడు గంటలు. బాస్లో దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా రాతి గోడలు, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చినవి. పల్నాటిలో నాపరాళ్లు నిలబెట్టి కంచె వేసినట్టే, ఇక్కడ పడుకోబెట్టి వేశారంతే అన్నారు నాన్న. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మా ఆయన ఊపిరి బిగబట్టేవారు. నాన్న మాత్రం క్లీనర్ సీట్లో కూర్చుని "ఎడం పక్క జానెడు ఉంది, పోనీండి" అంటూ కూర్చున్నారు. స్టీరింగూ మనలాగే కుడి పక్క, నడిచేదీ రోడ్డుకి ఎడమ పక్కే కాబట్టి ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు గానీ, ఒప్పుకుంటే స్టీరింగ్ ఎవరి చేతిలో ఉండేదో అందరికీ తెలుసు.

పొలంలోకి వెళ్లాక అసలు సినిమా. మా చోటు గోడ పక్కన మూల. బండి వెనక్కి పెట్టాలి. నాన్న దిగి వెనక నిలబడి, "రానీ... రానీ... రానీ... కుడికి కొట్టు... రానీ..." చివర్లో బండి ఒంటి మీద రెండు దెబ్బలు చరిచి "హోల్డాన్!" పక్క బండిలో ఉన్న ముసలి ఇంగ్లిష్ దంపతులు కుర్చీల్లోంచి లేచి చూశారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ ముసలాయన చప్పట్లు కొట్టాడు. బండి గీతకి గీతగా వచ్చి నిలబడింది మరి.

ఇక్కడినుంచి పొలం గురించి. గొర్రెల పొలం, దాని ఒక పక్క గడ్డి నేల చదును చేసి పదిహేను బండ్లు పెట్టుకోనిస్తారు. బ్యాంక్ హాలిడే కాబట్టి మూడు రాత్రులకి తక్కువ ఇవ్వరు, రాత్రికి 34 పౌండ్లు, కరెంటు కలిపి. స్నానాల గదులు పాత పశువుల కొట్టంలో కట్టారు, నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి. గేటు దగ్గర గూడులాంటి చెక్కపెట్టెలో కోడిగుడ్లు, పక్కన డబ్బులేసే రేకు డబ్బా. ఆరు గుడ్లు రెండు పౌండ్లు. మనిషి ఉండడు. నాన్న రోజూ పొద్దున్నే వెళ్లి ఆ డబ్బాలో నాణేలు వేసి గుడ్లు తెచ్చేవారు. వాటితో శనివారం మధ్యాహ్నం పులుసు పెట్టాను. లెస్టర్‌లో పదేళ్లుగా వండుతున్నాను, ఆ రంగు పచ్చసొన నేనింతవరకు చూడలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగు పోలేదు. మే చివర కాబట్టి సూర్యుడు మునిగేదే తొమ్మిది దాటాక. పిల్లలు చీకటి పడితే పడుకుంటామని బేరం పెట్టి, ఆ బేరంలో గెలిచారు. గొర్రెపిల్లలు గోడ అవతల గుంపుగా పరిగెత్తి, ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఎందుకో తెలీదు. ఆ ఒక్క పనినే నాన్న గంటసేపు చూశారు. పశ్చిమాన కొండ, లోయలో ఒకే ఒక్క అపశ్రుతి, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం. నేషనల్ పార్కు నడిబొడ్డున ఇదేంటని నాకు కొంచెం కోపం వచ్చింది. పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు, 1951లో ప్రకటించారు. ఫ్యాక్టరీ అంతకంటే ముందే, 1929 నుంచీ ఉంది. నాన్నకి అది చూసి ఎంత సంతోషమో. "సున్నపురాయి ఉన్నచోట సిమెంటు ఉండక ఏముంటుంది? మాచర్ల వచ్చినట్టుంది."

బండి లోపల సంగతి. పడకలు బాగున్నాయి, ముందు క్యాబిన్ పైన పిల్లలకి, వెనక మాకు, మధ్యలో భోజనాల బల్ల దించితే నాన్నకి. బల్ల దించి కుషన్లు సర్దడం మొదటి రాత్రి అరగంట పట్టింది, మూడో రాత్రికి నాలుగు నిమిషాలు. తెరలు మందంగా ఉన్నాయి. ఫ్రిజ్ దోసెల పిండిని ఆదివారం దాకా పులవకుండా కాపాడింది. ఇదంతా మూడు మార్కుల్లో ఉంది.

పోయిన రెండు మార్కులు కరెంటుకీ గ్యాసుకీ. కరెంటు తప్పు బండిది కాదు, చెప్పనివాళ్లది. పొలం ఇచ్చే లైను 10 ఆంప్స్. అంటే 2,300 వాట్లు. మా ఇంటి కెటిల్ తెచ్చాను నేను, అది 3,000 వాట్లు. ఒక్క కెటిల్ చాలు స్తంభం దగ్గర ట్రిప్పవడానికి, దాంతోపాటు నేను రైస్ కుక్కర్ కూడా పెట్టాను. మా బండి చీకటైంది. రైతు భార్య వచ్చి స్తంభం మీద మీట పైకి లేపి, నవ్వి వెళ్లింది. బండిలోనే 1,000 వాట్ల చిన్న కెటిల్ ఉంది, నీళ్లు మరగడానికి జీవితకాలం పడుతుంది కానీ ట్రిప్పవదు. రైస్ కుక్కర్ ఒకసారి, కెటిల్ ఒకసారి, మిక్సీ ఒకసారి. వంతులు వేసుకున్నాం. వంతులు వేసుకున్నాక టెన్షన్ పోయింది. అన్నం ఉడికేదాకా కాఫీ లేదంటే, బయట కుర్చీలో కూర్చోవడం తప్ప పనేముంటుంది? ఇంట్లో నేనెప్పుడూ అన్నం ఉడుకుతుంటే కూర్చోలేదు.

పోపు గురించి మాత్రం హెచ్చరిక. మొదటి రాత్రి పప్పులోకి ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ వేసి పోపు పెట్టాను. బండిలో పొగ పసిగట్టే అలారం పొయ్యికి రెండు అడుగుల దూరంలో ఉంది. దాని గోల, మా ఐదుగురి దగ్గు, ఆ కోరస్ పొలమంతా వినపడింది. పైకప్పు కిటికీ తెరిస్తే ఆ ఘాటు నేరుగా పక్కవాళ్ల మీదికి పోయింది, వాళ్ల కుక్క వరసగా రెండు తుమ్ములు తుమ్మింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఆ పెద్దాయనే చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చి, బయట వాడుకోమని ఇచ్చాడు. అట్టముక్క గాలికి అడ్డం పెట్టి మిగతా మూడు రోజులూ ఆ పొయ్యి మీదే పోపు. ఇలాంటి బండి తీసుకునే తెలుగువాళ్లెవరైనా ముందు బయట పెట్టుకునే పొయ్యి ఒకటి కొనుక్కోండి, తర్వాతే మిగతా ఏర్పాట్లు.

ఇక గ్యాసు. బండిలో హీటర్ గ్యాసు మీదే నడుస్తుంది. సిలిండర్లు రెండున్నాయి, ఒకటి వాడకానికి, ఒకటి స్పేర్, రెండూ నిండుగా ఉన్నాయని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు. శనివారం రాత్రి, అంటే ఆదివారం తెల్లవారుజామున మూడింటికి, హీటర్ టకటకమని ఆగిపోయింది. మే నెల అని మోసపోకండి, ఆ లోయలో ఆ వేళకి బయట నాలుగు డిగ్రీలు. పిల్లలకి తెలివి రాలేదు. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని రగ్గు కప్పుకుని లేచి కూర్చున్నారు. మా ఆయన ఫోన్ టార్చి పట్టుకుని బయట పక్క తలుపు తీసి స్పేర్‌కి మార్చబోయారు. నట్టు ఊడదు. ఎంత తిప్పినా బిగుస్తుంది తప్ప ఊడదు. ఈ ప్రొపేన్ ఎర్ర సిలిండర్లకి మర తిరగేసి ఉంటుంది, మామూలు నట్టు ఊడే వైపు తిప్పితే ఇది బిగుస్తుంది. నాన్న రగ్గుతోనే దిగి, స్పానర్ తీసుకుని, ఒక్కసారి అటూ ఇటూ కదిపి చూసి, ఎదురు తిప్పి ఊడదీశారు. ఆ తర్వాత స్పేర్ సిలిండర్ని రెండు చేతులతో లేపి చూశారు. లేపిన వెంటనే దించేశారు.

"ఇది ఖాళీదమ్మా."

మీద కొట్టి ఉన్న ఖాళీ బరువు చూసి, చేత్తో లేపితే తెలిసిపోతుంది, కాటా అక్కర్లేదు. "ఇంటికి సిలిండర్ వస్తే తూకం చూడకుండా దించుకుంటామా? ఇక్కడ కాగితం మీద టిక్కు చూసి దించుకున్నారు" అన్నారు. తిట్టలేదు, మామూలుగానే అన్నారు. అయినా నాకు తగిలింది. టైర్లు తన్ని, ఎత్తు అడిగి, స్టెప్నీ అడిగిన మనిషి గ్యాసు ఒక్కటి అడగలేదు. అది ఇంటి డిపార్ట్‌మెంటు, అంటే నాది అనుకున్నారట.

కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి చేస్తే మెసేజ్ పెట్టమని మెషీన్ చెప్పింది. పెట్టాం. సోమవారం మధ్యాహ్నం దాకా జవాబు లేదు. ఆ రాత్రి మిగిలిన రెండు గంటలూ ఐదుగురం వెనక మంచం మీద ఒకరినొకరు హత్తుకుని పడుకున్నాం. నాన్న, మా ఆయన ఒకే దుప్పటి కింద! ఇద్దరూ ఆ సంగతి ఎక్కడా ఎత్తరు, నేనూ ఎత్తకూడదు, ఇక్కడ రాశానని తెలిస్తే నా పని అయిపోతుంది. పొద్దున్నే రైతు షెడ్డులో ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకున్నాం, 33 పౌండ్లు. ఈసారి నాన్న ముందు లేపి చూశాకే డబ్బులిచ్చాం.

మోటర్‌హోమ్ తీసుకుని చేసిన అసలు పొరపాటు ఇప్పుడు చెప్తాను. పొలంలో పెట్టాక అది కదలదు. కదలదంటే కదులుతుంది, కానీ కదపాలంటే కరెంటు వైరు పీకాలి, గిన్నెలన్నీ అలమరల్లో పెట్టాలి, పడకలు మడవాలి, చదునుకోసం టైర్ల కింద పెట్టిన దిమ్మలు తీయాలి. పాల ప్యాకెట్ కోసం ఇల్లు ఖాళీ చేసినట్టు. అదే కారవాన్ అయితే ఇల్లు పొలంలో వదిలేసి కారు వేసుకుని తిరగొచ్చు. ఈ ముక్క ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది అని శనివారం పొద్దున గొణిగాను. మధ్యాహ్నానికి గొణగడం మానేశాను. బండి కదలకపోవడం వల్లే మేం నడిచాం, బస్సెక్కాం, రైలెక్కాం. మూడు రోజుల్లో మా ఆయన ఒక్కసారీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఆయన మెడనొప్పి ఆదివారానికి పోయింది.

హోప్ నుంచి కాసిల్టన్‌కి బస్సు. టికెట్ మూడు పౌండ్లకి మించలేదు. కండక్టర్ లేడు, డ్రైవరే బండి నడిపి, డ్రైవరే టికెట్ కొట్టి, డ్రైవరే ముసలమ్మ దిగేదాకా ఆగాడు. నాన్న ముందు సీట్లో కూర్చుని అతన్నే చూశారు. దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతుంటే, నాన్న కూడా చెప్పారు, దిగాక ఒక నిమిషం అక్కడే నిలబడ్డారు. "34 ఏళ్లలో నాకెవరూ చెప్పలేదమ్మాయ్" అన్నారు. ఫిర్యాదు కాదు, ఊరికే లెక్క చెప్పినట్టు.

కాసిల్టన్‌లో గుహలున్నాయి, బ్లూ జాన్ అనే ఊదారంగు రాయి అమ్మే కొట్లున్నాయి. గుహల్లో మెట్లు, నాన్న మోకాళ్లకి పనికిరావు, వదిలేశాం. ఊరి నుంచి పడమరగా నడుస్తూ పోతే మామ్ టార్ కొండ వస్తుంది. 517 మీటర్లు. మా ఆయన, పిల్లలు పైకి వెళ్లారు. నేనూ నాన్నా కింద ఆగిపోయాం, ఈ ప్రయాణం మొత్తానికీ అక్కడ ఆగినందుకే నాకు ఎక్కువ సంతోషం.

ఆ కొండ కింద పాత రోడ్డు ఉంది. ఒకప్పటి ఏ625. షెఫీల్డ్ వైపు నుంచి మాంచెస్టర్ వైపు పోయే పెద్ద రోడ్డే. కొండ మట్టిపొరలూ ఇసకరాయి పొరలూ కలిసినది, వేల ఏళ్లుగా జారుతూనే ఉంది, అందుకే దానికి వణికే కొండ అని పేరు. జారినప్పుడల్లా రోడ్డు బాగు చేశారు, మళ్లీ జారింది, మళ్లీ చేశారు. 1979లో ఇక మా వల్ల కాదని మూసేశారు. ఇప్పుడు కొండ దాటాలంటే విన్నాట్స్ పాస్ అనే సందులోంచే పోవాలి, ఐదడుగులకి ఒక అడుగు ఎక్కుడు, బరువు బండ్లకి ప్రవేశం లేదు.

మూసేసిన రోడ్డు మీద నడవనిస్తారు. తారు రోడ్డు మధ్యకి చీలి, ఒక సగం మనిషి నడుము లోతు కిందికి దిగిపోయింది. మధ్యలో తెల్ల గీత ఇంకా కనపడుతుంది, వచ్చి వచ్చి అంచు దగ్గర తెగి, కింద పలక మీద మళ్లీ మొదలవుతుంది, వంకరగా. నాన్న చీలిక పక్కన కూర్చుని తారు అంచు మీద చెయ్యి పెట్టారు. పొర మీద పొర, కంకర, తారు, మళ్లీ కంకర, తారు. వేలితో లెక్కపెట్టారు. ఒకచోట ఏడు, ఒకచోట తొమ్మిది. "ప్రతి పొరా ఒకసారి చేతులెత్తేసి, మళ్లీ వేసిందే" అన్నారు. దోర్నాల ఘాట్‌లో వానాకాలం కొండరాళ్లు పడి బస్సు ఆగిపోయిన రాత్రి సంగతి చెప్పారు, నేనెప్పుడూ వినలేదు ఆ కథ. 40 మంది ప్రయాణికులు, ఒక చంటిబిడ్డ, బస్సులోనే తెల్లారిందట. ఆ కథ ఇక్కడ రాస్తే ఇంకో రివ్యూ అంత అవుతుంది.

"79లోనా మూసింది?" అని మళ్లీ అడిగారు. అవునన్నాను. "నేను డ్యూటీ ఎక్కిన ఏడు దీన్ని దింపేశారన్నమాట."

ఆదివారం హోప్ నుంచి ఈడేల్‌కి రైలు, ఒకే ఒక్క స్టేషను దూరం. 268 మైళ్ల పెన్నైన్ వే కాలిబాట అక్కడే మొదలు. అందులో మేం ఒకటిన్నర మైలు నడిచి, పబ్బులో చిప్స్ తిని వెనక్కి వచ్చాం. బాగుంది. అంతకంటే చెప్పడానికి లేదు.

టాయిలెట్ గురించి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. కింద క్యాసెట్ అనే పెట్టె ఉంటుంది, పద్దెనిమిది లీటర్లకి కాస్త అటూ ఇటూ, నీలం మందు పోసి పెడతారు. నిండితే బయట తలుపు లోంచి లాగి, సూట్‌కేసులా చక్రాల మీద తోసుకెళ్లి, దానికని కట్టిన తొట్టిలో పారబోయాలి. పొలంలో మంచి మరుగుదొడ్లు ఉన్నాయి కాబట్టి రాత్రిపూటకి తప్ప బండిలోది వాడకూడదని మొదటి రోజే తీర్మానం. రెండుసార్లే పారబోయాల్సి వచ్చింది. పారబోసింది అల్లుడు గారు. మామగారు దగ్గరుండి గాలి ఎటు వీస్తోందో చెప్పారు.

సోమవారం తిరుగు ప్రయాణం మామూలే. మొత్తం ప్రయాణానికి డీజిల్ లీటరుకి తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఇచ్చింది. "నా పల్లెవెలుగు ఐదున్నర ఇస్తే డిపో మేనేజరు భుజం తట్టేవాడు" అని నాన్న మా ఆయన భుజం తట్టారు. ఆ భుజం తట్టింపు ముందు మా పెళ్లినాటి లాంఛనాలన్నీ దిగదుడుపే.

కంపెనీవాళ్లకి గ్యాసు బిల్లూ ఖాళీ సిలిండర్ ఫోటోలూ పంపిస్తే, తొమ్మిది రోజులకి సగం డబ్బులు వెనక్కి ఇచ్చారు. ఎందుకు సగమో అడిగితే మీరు వాడిన గ్యాసు మీదే కదా అన్నారు. అది నిజమే. మూడింటికి లేచి రగ్గు కప్పుకుని స్పానర్ పట్టుకున్న మనిషి ఓవర్‌టైమ్ ఎవరిస్తారని అడగలేదు నేను.

డిపాజిట్లో 25 పౌండ్లు కోసుకున్నారు, వంటగట్టు మీద పసుపు మరక ఉందని. ఉంది, నిజమే, అరచెయ్యంత. శనివారం పులుసు రోజు పడింది. పసుపు మరక సబ్బుకి పోదు, ఎండ తగిలితే రెండు రోజుల్లో దానంతటదే పోతుంది, బండి కిటికీ తెరలు తీసి ఉంచండి చాలు అని మెయిల్ పెట్టాను. ఆ వారమంతా లెస్టర్‌లో వాన.